చేయి ఎప్పుడెత్తాలి?

తప్పుకి శిక్ష ఎంత వెయ్యాలన్న సంగతి మీద మన పెద్దలు గ్రంథాలే రాశారు. తప్పెవరిదో తేల్చడానికి మర్యాద రామన్న కథలు వుండనే వున్నాయి. కాని తప్పు కళ్ళెదుటే జరుగుతున్నప్పుడు "ఆగండి" అని సరిగ్గా ఏ క్షణాన అనాలి అనే ప్రశ్నని ఎవరూ అంతగా పట్టించుకున్నట్టు కనిపించదు. తొందరపడి అన్నామా, "నీకెందుకమ్మా మధ్యలో?" అంటారు. ఆలస్యంగా అన్నామా, "అంతసేపూ గుడ్లప్పగించి చూసి ఇప్పుడా చెప్పడం?" అంటారు. రెండు మాటలూ పడ్డదాన్నే నేను. ఈ ప్రశ్నకి కాస్త నిలకడైన జవాబు నాకు ధర్మశాస్త్రాల్లో దొరకలేదు. సాఫ్ట్‌బాల్ ఆట నిబంధనల పుస్తకంలో దొరికింది. నవ్వకండి, చివరిదాకా వినండి.

ఆటలంటే నాకు బొత్తిగా తెలియదు. బి.ఏ. చదివే రోజుల్లో మా కాలేజీలో అమ్మాయిలంతా త్రోబాల్ ఆడుతుంటే కోర్టు పక్కన వేపచెట్టు కింద కూచుని నవలలు చదువుకున్న మనిషిని. అలాంటిదాన్ని సాఫ్ట్‌బాల్ గురించి మాట్లాడుతున్నానంటే, పోయినేడు వేసవిలో న్యూజెర్సీలో మా చెల్లెలింట్లో రెండు నెలలుండటమే కారణం. దాని కూతురు పన్నెండేళ్ళ లోపు పిల్లల జట్టులో ఆడుతోంది. శనివారం వచ్చిందంటే మడత కుర్చీలూ, మజ్జిగ సీసాలూ, పులిహోర డబ్బా కారులో వేసుకుని ఇంటిల్లిపాదీ మైదానానికి బయల్దేరడమే. అక్కడ మన తెలుగువాళ్ళ కుర్చీలు ఒక వరసలో వుంటాయి. ఆట నడుస్తుంటే మధ్యమధ్య బంగారం ధర గురించి కూడా మాట్లాడుకుంటారు.

పేరు చూసి మోసపోకండి. బంతి మెత్తగా వుండదు. చుట్టుకొలత 12 అంగుళాలు, గట్టి సరుకు, తగిలితే కమిలిపోతుంది. 1887లో షికాగోలో ఒక బోట్ క్లబ్బులో ఫుట్‌బాల్ ఫలితం కోసం ఎదురుచూస్తున్న పెద్దమనుషులు బాక్సింగ్ గ్లవ్‌ని కర్రతో కొట్టి ఆడుకోవడంతో ఈ ఆట మొదలైందంటారు. అంటే చలికాలంలో గదిలో ఆడుకునే బేస్‌బాల్ అన్నమాట. సాఫ్ట్‌బాల్ అనే పేరు 1926లో గాని రాలేదు. ఆడవాళ్ళ ఆటగా 1996లో ఒలింపిక్స్‌కి ఎక్కింది, 2008 తర్వాత దిగింది, 2021లో టోక్యోలో ఒకసారి మళ్ళీ కనిపించింది, 2028లో ఇంకోసారి రాబోతోంది. కోడలు పుట్టింటికి వచ్చిపోయినట్టుంది దాని రాకపోకల వ్యవహారం. మన హైస్కూళ్ళలోనూ ఈ ఆట ఆడే పిల్లలున్నారు.

ఆట తీరు రెండు ముక్కల్లో చెబుతాను. నేలమీద నాలుగు మూలలున్న పలక గీసుకోండి. ఒక మూల నుంచి ఇంకో మూలకి 60 అడుగులు. ఆ మూలల్నే బేసులంటారు. ఒకమ్మాయి బంతి విసురుతుంది, ఎదుటి జట్టు పిల్ల బ్యాటుతో కొట్టి మొదటి బేసుకి పరుగెత్తుతుంది. అక్కణ్ణించి రెండు, మూడు, మళ్ళీ బయల్దేరిన చోటికి వచ్చిందంటే ఒక పరుగు. ఈలోగా బంతి పట్టుకున్నవాళ్ళు ఆమెకంటే ముందు బేసుకి చేర్చినా, కొన్ని సందర్భాల్లో ఆమెకే బంతి తాకించినా అవుట్. పరుగెత్తే పిల్లలూ, బంతి పట్టే పిల్లలూ ఒకే దారిలో ఒకే సమయంలో వుంటారు గనక ఢీకొనడం తప్పదు. ఎవరు ఎవరికి అడ్డం వచ్చారన్నదే అంపైరుకి వచ్చే తలనొప్పి.

ఒక శనివారం మా పిల్ల రెండో బేసు దగ్గరుంది. వాళ్ళ జట్టు పిల్ల కొట్టిన బంతి నేలమీద దొర్లుకుంటూ రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య నిలబడ్డ అమ్మాయి వైపు వచ్చింది. ఆ అమ్మాయి వంగి బంతి అందుకోబోతుంటే మావాడు, అలవాటున అనేశాను, మా పిల్ల తల వంచుకుని పరుగెత్తుతూ వెళ్ళి ఆమెకి తగిలింది. ఇద్దరూ కిందపడ్డారు. వాళ్ళింకా పూర్తిగా నేలకి తగలకముందే అంపైరమ్మ రెండు చేతులూ పైకెత్తి గట్టిగా అరిచింది. ఆట ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మా పిల్ల అవుట్, కొట్టిన పిల్లకి మొదటి బేసు. దీన్ని ఇంటర్‌ఫియరెన్స్ అంటారట. ఏడుస్తూ వచ్చి "నేను కావాలని చెయ్యలేదు పెద్దమ్మా" అంది. నిజమే, కావాలని చెయ్యలేదు. అయితే కొట్టిన బంతిని పట్టుకోబోతున్న మనిషికి దారివ్వాల్సిన బాధ్యత పరుగెత్తేవాళ్ళదే. నీ మనసులో ఏముందని నిబంధన అడగదు.

ఆ తర్వాత కాసేపటికి సరిగ్గా దీనికి తలకిందులుగా జరిగింది. మావాళ్ళు కొట్టిన బంతి దూరంగా పోయింది. మా పిల్ల మొదటి బేసు నుంచి బయల్దేరి రెండోది దాటి మూడోదానికి పరుగెత్తుతోంది. చేతిలో బంతి లేని ఎదుటి జట్టు పిల్ల ఒకతె దారికడ్డంగా నిలబడి ఆకాశం చూస్తోంది. భుజానికి భుజం తగిలి మా పిల్ల మోకాళ్ళమీద పడింది. ఇప్పుడు అరుస్తుంది చూడు అంపైరు అనుకున్నాను. అరవలేదు. నోరు మెదపకుండా ఎడమచెయ్యి పక్కకి చాపి పిడికిలి బిగించి అలాగే నిలబడింది. ఆట సాగిపోతోంది. మా పిల్ల లేచి కుంటుకుంటూ మూడో బేసుకి పోయేసరికి బంతి ముందే వచ్చేసింది, ఒంటికి తాకించేశారు. అన్యాయం అని తెలుగులోనే అరిచాను నేను. అప్పుడు ఆట ఆపింది అంపైరమ్మ. మా పిల్లని మూడో బేసు మీద నిలబెట్టింది. అవుట్ లేదు. దీని పేరు అబ్‌స్ట్రక్షన్.

మా మరిది పకపకా నవ్వి, "వదినగారూ, ఆమె ముందే తీర్పు చెప్పేసింది, చేత్తో చెప్పింది, మీరు నోటికోసం చూశారు" అన్నాడు.

నాకు మాత్రం ఆ సాయంత్రమంతా అదే ధ్యాస. అదే పిల్ల, అదే మైదానం, అదే అంపైరు. రెండుసార్లూ ఢీకొట్టుకోవడమే. రెండుసార్లూ ఎవరూ కావాలని చేసింది లేదు. ఒకదాన్ని రెప్పపాటులో తుంచేసింది, ఇంకోదాన్ని చూసీ చూడనట్టు చివరిదాకా పోనిచ్చింది. మొదటి తప్పు పెద్దదా? కాదే! ఇంటికొచ్చాక మా చెల్లెలి కూతురి దగ్గరున్న నిబంధనల పుస్తకం తీసుకుని, కాలేజీలో తర్కశాస్త్రం చదివినంత శ్రద్ధగా చదివాను. (దానికంటే ఎక్కువ శ్రద్ధగానే చదివానేమో. అప్పుడు పరీక్ష వుండేది, ఇప్పుడు లేదు.)

నాకు తట్టింది ఇది. పరుగెత్తే జట్టువాళ్ళు బంతి పట్టేవాళ్ళకి అడ్డం పడితే, నష్టపోయినవాళ్ళ అవకాశం ఆ క్షణంతో అయిపోయింది. బంతి జారిపోయింది. ఇక ఆట సాగనిస్తే లాభపడేది అడ్డం పడ్డవాళ్ళే. వాళ్ళ తక్కిన పిల్లలు ఇంకో బేసు, ఇంకో బేసు అంటూ పరుగెత్తేస్తారు. అందుకని ఆ క్షణమే ఆపెయ్యాలి. పరుగెత్తే పిల్లకే ఎవరైనా అడ్డం పడితే సంగతి వేరు. ఆ పిల్ల పడి లేచి ఇంకా ముందుకి పోవచ్చు. ఎదుటివాళ్ళు బంతి తప్పుగా విసిరితే ఒకటికి రెండు బేసులు గెలుచుకోనూవచ్చు. అంపైరు ధర్మావేశంతో "ఆగండి" అని అరిచిందనుకోండి, ఆ పిల్ల కాళ్ళకి బంధం వేసింది అంపైరే అవుతుంది. న్యాయం చెయ్యబోయి రెండో అడ్డం తానే అవుతుంది. అందుకే ఎడమచెయ్యి చాపి కాచుకోవాలి. నీ తప్పు చూశాను, మర్చిపోను, కాని ముందు ఆ పిల్లని పోనీ, ఎంతదాకా పోగలదో చూద్దాం అని. తర్వాత లెక్క చూసి, అడ్డం లేకపోతే ఎక్కడిదాకా చేరేదో అక్కడికి తీసుకెళ్ళి నిలబెట్టాలి.

అంటే ఎప్పుడు ఆపాలి అన్నది అంపైరు ఓర్పుని బట్టిగాని, కోపాన్ని బట్టిగాని, చివరికి తప్పు పరిమాణాన్ని బట్టిగాని లేదు. దెబ్బతిన్నవాళ్ళకి ఏది మేలో దాన్ని బట్టి వుంది. మనం మామూలుగా ఇలా ఆలోచించం. "నా కళ్ళముందు అన్యాయం జరుగుతుంటే నేను చూస్తూ ఊరుకోలేను" అంటాం. ఆ వాక్యంలో "నేను" రెండుసార్లుంది, అన్యాయమైపోతున్న మనిషి ఒక్కసారీ లేదు. నా నవలల్లో నాయికల చేత ఈ మాట ఎన్నిసార్లు అనిపించానో లెక్కలేదు!

ఇంకో ముచ్చటైన నిబంధన వుంది. బ్యాటు పట్టుకున్న పిల్ల కొట్టబోతుంటే వెనకాల కూచున్న క్యాచరు చెయ్యి బ్యాటుకి తగిలిందనుకోండి. అప్పుడూ అంపైరు చెయ్యి చాపి ఊరుకుంటుంది. ఆట అయ్యాక, ఆ తగలడం వల్ల ఎవరికీ నష్టం రాని పక్షంలో సరే. వచ్చిందా, బ్యాటింగు జట్టు పెద్దని పిలిచి అడుగుతుంది, నిబంధన ప్రకారం ఇచ్చే బేసు తీసుకుంటారా, లేక ఆటలో జరిగిందే వుంచుకుంటారా అని. దెబ్బతిన్నవాళ్ళనే అడగడం! ఎన్ని పంచాయితీలు చూశాను, మా తాతగారి అరుగు మీద ఎన్ని తగువులు తీరాయి, "నీకేం కావాలమ్మా?" అని ముందు ఆ ఆడపిల్లని అడిగిన పెద్దమనిషి నాకు జ్ఞాపకం లేడు.

అయితే ఇదంతా కాగితం మీద చదివినంత తేలిక్కాదు. హక్కు రెప్పపాటులో చేతులు మారుతుంది. వంగి బంతి అందుకుంటున్నంతసేపూ దారి ఆ అమ్మాయిది. బంతి ఆమెని తప్పించుకుని వెనక్కి పోయిందా, మరుక్షణం ఆ అమ్మాయే అడ్డం. దారి పరుగెత్తేదానిది. అంపైర్లకి ఓ పాఠం చెబుతారట, ఆటంతా చూడు, ఒక్క క్షణం ఆగు, అప్పుడు చెప్పు అని. తొందరపడి చెయ్యెత్తినవాడు తరవాత దించుకోలేడు. కాని ఇంటర్‌ఫియరెన్స్ దగ్గర ఆ ఒక్క క్షణం కూడా ఖరీదైనదే. ఆపిన తర్వాత కూడా పని తీరదు. ఆ అడ్డం లేకపోతే ఒకేసారి ఇద్దరు అవుటయ్యేవారని అంపైరు అనుకుంటే ఇద్దర్నీ పంపించెయ్యవచ్చు. జరగనిదాన్ని జరిగినట్టు ఊహించి దాని మీద తీర్పు చెప్పాలి. వారం వారం సీరియల్ రాసేవాళ్ళకి ఇది నిత్యకృత్యం. నేనైతే రాత్రి పన్నెండింటికి తీరిగ్గా ఊహిస్తాను, నచ్చకపోతే కొట్టేస్తాను. ఆవిడ ఎండలో నిలబడి రెండు వరసల తల్లిదండ్రులు అరుస్తుండగా ఊహించాలి.

పెద్ద ఆటల్లో ఇది ఎంతదాకా పోయిందో చదివితే ఒళ్ళు జలదరించింది. సాఫ్ట్‌బాల్‌కి అక్కలాంటి బేస్‌బాల్‌లో 1975 అక్టోబర్‌లో సిన్సినాటిలో వరల్డ్ సిరీస్ మూడో ఆట. పదో ఇన్నింగ్స్‌లో ఎడ్ ఆర్మ్‌బ్రిస్టర్ బంతిని మెల్లిగా ముందుకి తట్టాడు. బోస్టన్ క్యాచర్ కార్ల్‌టన్ ఫిస్క్ దాన్ని అందుకోబోతే ఇద్దరూ తగులుకున్నారు. ఫిస్క్ విసిరిన బంతి ఎటో పోయింది. అంపైర్ ల్యారీ బార్నెట్ చెయ్యెత్తలేదు, అది అడ్డం కాదన్నాడు. సిన్సినాటి 6–5తో గెలిచింది. ఆ తర్వాత ఆయనకి చంపుతామని బెదిరింపులొచ్చాయి. చెయ్యి ఎత్తనందుకు!

2013లో ఇంకో వరల్డ్ సిరీస్. అదీ మూడో ఆటే, సెయింట్ లూయీలో, స్కోరు 4–4. మూడో బేసు దగ్గర బంతి కోసం దూకి నేలమీద పడి వున్నాడు బోస్టన్ ఆటగాడు మిడిల్‌బ్రూక్స్. బంతి అప్పటికే దాటిపోయింది. లేచి పరుగెత్తబోయిన అలెన్ క్రెయిగ్ అతన్ని తట్టుకుని తూలాడు. అంపైర్ జిమ్ జాయిస్ అక్కడికక్కడే అబ్‌స్ట్రక్షన్ చూశాడు, ఆట సాగనిచ్చాడు. క్రెయిగ్ కిందామీదా పడి ఇంటి బేసుకి వచ్చేసరికి బంతి ముందే వచ్చింది. అయినా ఆ అడ్డం కారణంగా పరుగు ఇచ్చారు. ఆట అక్కడితో సరి, 5–4. పడివున్న మనిషి ఏం చేస్తాడు పాపం, మాయమైపోతాడా? అని బోస్టన్ వాళ్ళు గోలపెట్టారు. కావాలని చేశాడా లేదా అన్నది ఆ నిబంధనలో లేనే లేదు. ఎవరి దారి ఎవరిది అన్నదే వుంది.

ఈ జిమ్ జాయిస్‌నే మూడేళ్ళ ముందు, 2010 జూన్ 2న, డెట్రాయిట్‌లో లోకమంతా తిట్టింది. అర్మాండో గలరాగా అనే బౌలరు వరసగా ఇరవయ్యారు మందిని ఒక్కణ్ణీ బేసు ఎక్కనివ్వకుండా పంపేశాడు. ఇరవయ్యేడో వాడు కూడా అవుటే. జాయిస్ కాదన్నాడు. ఆట అయ్యాక వీడియో చూసుకుని, ఆ పిల్లాడి ఘనత నేను లాగేసుకున్నానని ఏడ్చాడు. మర్నాడు ఆట మొదట్లో జట్టు జాబితా కాగితం తెచ్చి ఆయన చేతికి ఇచ్చింది గలరాగానే. అలాంటి దెబ్బ తిన్న మనిషి, మూడేళ్ళ తర్వాత కోట్లమంది చూస్తుండగా, క్షణంలో "అదిగో అడ్డం" అనగలిగాడంటే! నాకు ఆ ఆటల్లోకెల్లా ఇదే గొప్పగా తోచింది. ఒకసారి పొరపడ్డవాళ్ళు తర్వాత జన్మంతా నోరు మూసుకుని బతకడం మన ఇళ్ళల్లో చూస్తూనే వుంటాం కదా.

మనకి బాగా తెలిసిన క్రికెట్‌లోనూ అడ్డం పడటం అవుటే. 1951లో ఓవల్‌లో దక్షిణాఫ్రికా మీద ఆడుతూ లెన్ హట్టన్ పైకి లేచిన బంతి వికెట్ల మీద పడుతుందని బ్యాటుతో పక్కకి కొట్టాడు. దాన్ని పట్టుకోబోతున్న వికెట్ కీపర్ ఎండీన్‌కి అడ్డమైంది. అవుట్ ఇచ్చారు. విడ్డూరమేమంటే ఆ ఎండీనే 1957లో కేప్‌టౌన్‌లో బంతిని చేత్తో తోసి అలాంటి అరుదైన అవుటే అయ్యాడు. అయితే క్రికెట్‌లో ఒక తేడా వుంది. ఎదుటి జట్టువాళ్ళు "హౌజట్?" అని అడిగితేనే అంపైరు అవుటివ్వాలి. అడగకపోతే కళ్ళారా చూసినా వేలెత్తకూడదు. అడగందే అమ్మయినా పెట్టదు అన్న సామెత మన పెద్దవాళ్ళు క్రికెట్ చూసి చెప్పలేదు గాని, చక్కగా సరిపోతుంది. సాఫ్ట్‌బాల్‌లో ఇంటర్‌ఫియరెన్స్‌కి ఎవరూ అడగక్కర్లేదు. చూసినవాడు చెప్పాల్సిందే.

నిజం చెప్పొద్దూ, నాకు రెండో పద్ధతే నచ్చింది. అడగగలిగినవాళ్ళకి అంపైరుతో అంత పనిలేదు.

మన భారతంలో అంపైర్లకి కొదవలేదు. నిండు సభలో ద్రౌపది ధర్మం చెప్పమని అడిగింది. అంటే క్రికెట్ పద్ధతిలో కూడా లోటు లేదు, అడగనే అడిగింది. భీష్ముడు ధర్మం సూక్ష్మం, తేల్చి చెప్పలేనన్నాడు. ఆట సాగిపోయింది. ఎడమచెయ్యి చాపి వుంచాడా అంటే అదీ లేదు. దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడొక్కడు లేచి ఇది అన్యాయం అన్నాడు. చిన్నవాడివి నీకేం తెలుసు, కూచో అన్నాడు కర్ణుడు. ఇక గదాయుద్ధం రోజున బలరాముడు. ఇద్దరికీ గురువు, తీర్థయాత్ర నుంచి వేళకి వచ్చి మరీ చూశాడు. భీముడు తొడల మీద కొట్టాక నాగలెత్తుకుని లేచాడు. కృష్ణుడు పట్టుకుని ఆపాడు. ఏదో సమాధానం చెప్పాడు. బలరాముడికి నచ్చలేదు. భీముణ్ణి లోకం కపటయోధుడంటుందని ఓ మాట అనేసి రథమెక్కి ద్వారకకి వెళ్ళిపోయాడు. తీర్పు సరైనదే కావచ్చు. తొడలు విరిగి పడున్నవాడికి ఏ బేసు ఇస్తారు?

ఇక నేను ఇదంతా ఎందుకు తవ్వుకుంటున్నానో చెప్పాలి. మేముండేది విజయవాడలో ఓ అపార్టుమెంటులో. మా కింది అంతస్తులో ఒక అత్తా కోడలూ కొడుకూ వుంటారు. కొడుకు ఉద్యోగరీత్యా వారంలో నాలుగు రోజులు క్యాంపు. కోడలు బి.ఇడి. ప్యాసయింది. డీఎస్సీ రాసి టీచరు కావాలని ఆ పిల్ల కోరిక. అత్తగారికి ఇష్టం లేదని నోటితో ఎప్పుడూ అనలేదు. కాని ఆ పిల్లకి ఏదో ఒక పరీక్ష వుందంటే ఆ పొద్దుటే ఆవిడకి గుండెదడ వస్తుంది. రెండుసార్లు అలా జరిగిందని లిఫ్టులో నవ్వుతూ చెప్పింది నాతో. నవ్వుతూనే.

మూడోసారి నేను పొద్దున్న ఏడున్నరకి పాలప్యాకెట్ల కోసం దిగుతుంటే వాళ్ళ తలుపు తీసి వుంది. ఆవిడ సోఫాలో పడుకుని వుంది. పిల్ల ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో హాల్ టికెట్టుతో, చెప్పులు వేసుకోకుండా గుమ్మం దగ్గర నిలబడి వుంది. ఈ పరీక్షలకి నిమిషం ఆలస్యమైనా గేటు తియ్యరు.

అది కొట్లాట అయితే నేను ఎడమచెయ్యి చాపి ఊరుకునేదాన్ని. మొగుడూ పెళ్ళాల మధ్య డబ్బు గొడవయినా, అత్తాకోడళ్ళ మధ్య వంటింటి గొడవయినా, బయటివాళ్ళు మధ్యలో దూరితే వాళ్ళు ఎంతదాకా సర్దుకోగలరో అంతదాకా కూడా సర్దుకోలేరు. ఇది అలాంటిది కాదు. ఇంకో అరగంట పోతే ఆ పిల్లకి మిగిలేదేమీ లేదు. రేపు ఎవరో వచ్చి నీకు అన్యాయం జరిగింది సుమా అని మూడో బేసు మీద నిలబెట్టలేరు. అంతే కాదు, ఆవిడ గుండెదడ నిజమా, నటనా అని తేల్చాల్సిన అవసరం కూడా నాకు కనిపించలేదు. మా చెల్లెలి కూతురు కూడా కావాలని చెయ్యలేదు కదా.

లోపలికి వెళ్ళి, "పిన్నిగారూ, నేను మీ దగ్గర కూచుంటాను. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి నేనే ఆటోలో తీసుకెళతాను. అమ్మాయిని వెళ్ళిరానివ్వండి" అన్నాను.

"మా ఇంటి సంగతి మేం చూసుకుంటాంగా. నువ్వెవరమ్మా మధ్యలో?" అందావిడ కళ్ళు తెరవకుండానే.

ఆ ప్రశ్న న్యాయమైందే. అంపైరుకి నీలం చొక్కా వుంటుంది, రెండు జట్లూ ఒప్పుకుని తెచ్చుకుంటారు. నన్నెవరూ తెచ్చుకోలేదు. జవాబు చెప్పకుండా సోఫా పక్క కుర్చీ లాక్కుని కూచున్నాను. పిల్ల నా వంకా అత్తగారి వంకా చూసి, చెప్పులేసుకుని మెట్లు దిగింది. పదిన్నరకి ఆవిణ్ణి పక్కవీధి డాక్టరుకి చూపించాను. బీపీ కాస్త ఎక్కువే వుంది. వున్నది చెప్పాలిగా.

ఆ పిల్లకి ఆ ఏడు ఉద్యోగం రాలేదు. అత్తగారు అప్పట్నుంచీ నాతో మాట్లాడరు. లిఫ్టులో నేనుంటే మెట్లెక్కి పోతారు, బీపీ మనిషి మెట్లెక్కుతోందే అని నాకు బెంగ. మా ఆయన "నీకీ అంపైరింగు ఎవరిచ్చారు?" అని ఏడిపిస్తారు. అవేమీ నన్ను అంతగా కదల్చలేదు. మూణ్ణెల్ల తర్వాత ఓ సాయంత్రం ఆ పిల్ల డాబా మీద బట్టలు తీస్తూ మామూలుగా అన్నమాటే మనసులో నిలిచిపోయింది.

"ఆంటీ, ఆ రోజు మీరు రాకపోయినా నేను వెళ్ళేదాన్నేమో. మనసులో గట్టిగా అనేసుకున్నాను ఈసారి వెళ్ళిపోదామని. చెప్పులు ఎక్కడున్నాయా అని చూస్తున్నా, మీరొచ్చారు."

నిష్ఠూరంగా అనలేదు. ఊరికే, జరిగింది చెప్పినట్టు అంది. నాకు మాత్రం ఆ పిడికిలి బిగించిన ఎడమచెయ్యి కళ్ళముందు మెదిలింది. నా అంతట తనే ఆవిడ్ని దాటుకుని వెళ్ళివుంటే, ఆ రోజు ఆ పిల్లకి పరీక్షకంటే పెద్దదేదో దక్కేదేమో. "వెళ్ళేదాన్నేమో" అందిగాని "వెళ్ళేదాన్ని" అనలేదు. ఆ ఒక్క "ఏమో" పట్టుకుని నేను చాలా దూరం ఆలోచించాను. చెప్పులు లేకుండా గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిని చూసి, ఆమె బయల్దేరబోతోందో ఆగిపోతోందో నేను ఎలా పోల్చుకోవాలి? నాకున్న సమయంలో నేను చూసింది అదీ, చెప్పింది ఇదీ. మళ్ళీ అలాంటి పొద్దు వస్తే మళ్ళీ కుర్చీ లాక్కుని కూచుంటానా అంటే, కూచుంటాననే అనిపిస్తుంది. అయినా ఆ పిల్ల మాట పోదు.

ఇప్పుడు మళ్ళీ చదువుతోంది. రాత్రి పదకొండు దాటినా వాళ్ళ వంటింట్లో లైటు వెలుగుతూనే వుంటుంది, కింది గోడమీద వెలుతురు పడుతుంది. ఈసారి పరీక్ష రోజున నేను ఏడున్నరకి పాలప్యాకెట్ల కోసం దిగాలా, లేక మా ఆయన్ని పంపి పైనే వుండిపోవాలా అన్నది తేల్చుకోలేదు. ముందుగా ఆ పిల్లనే అడుగుదామనుకుంటున్నాను.